పప్పు ఉడికే నీళ్లు

ఆ ఫారంలో పద్నాలుగు వరుసలు. పదకొండో వరుసలో ‘ఈ బావి నీరు తాగుటకు ఉపయోగిస్తున్నారా?’ అని ఉంటుంది. అడిగాను, చెప్పారు, ‘లేదు’ అని రాశాను. పన్నెండో వరుసలో ‘ఇతర గృహావసరాలు’ అని ఉంటుంది. అక్కడ ‘లేవు’ అని రాశాను. అది మాత్రం ఎవరినీ అడగలేదు.

నా చేతిరాత బాగుంటుంది. ఆ ‘లేవు’ కూడా గుండ్రంగా, గడి మధ్యలో కుదురుగా కూర్చుంది. చూసినవాళ్లెవరికీ అనుమానం రాదు.

నారాయణఖేడ్ నుంచి మంజీర వైపు పోతే, ఏటి ఒడ్డున ఒక పాత కార్ఖానా జాగా ఉంది. ఒకప్పుడు అక్కడ కరెంటు స్తంభాల దుంగలకు చెద పట్టకుండా నల్లటి నూనె ఎక్కించేవారు. బొగ్గు నుంచి తీసిన తారులోంచి వచ్చే నూనె అది. మా పుస్తకాల్లో దాని పేరు క్రియోసోట్. అక్కడివాళ్లకు డాంబర్ నూనె. నేను పుట్టకముందే కార్ఖానా మూతబడింది. రేకులు పోయాయి, ఇనుము పోయింది, గోడల ఇటుకలు కూడా పోయాయి. నూనె మాత్రం పోలేదు. దుంగలు ముంచిన తొట్ల కింద నేలలోకి ఇంకి, అక్కడే ఉండిపోయింది. ఆ మట్టిని తవ్వి, నల్లటి ప్లాస్టిక్ షీటు మీద కుప్ప పోసి, లారీల్లో దూరాన ఉన్న విష వ్యర్థాల గుంతకు పంపడం మా కంపెనీకి వచ్చిన పని. పర్యావరణ ఇంజనీరింగ్ చదివి బయటికొచ్చాక నాకు దొరికిన మొదటి పెద్ద సైటు అది. మాది కల్హేర్ పక్క పల్లె. “నీకు ఇక్కడి మాట వచ్చు కదా, ఇంటింటి సర్వే నువ్వే చెయ్యి,” అన్నారు మా సార్. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు ఆయన. సైటులో నా పైన ఉన్నది ఆయనొక్కరే.

క్రియోసోట్ గురించి మేం మొదట నేర్చుకునేది, అది నీటికన్నా బరువైనదని. మామూలు నూనెలా తేలదు, మునుగుతుంది. నేల పొరల్లోంచి దిగి దిగి, గట్టి రాయి తగిలిన చోట ఆగి, అక్కడినుంచి పక్కకు జరుగుతుంది. బావిలో పైన నీళ్లు అద్దంలా ఉండవచ్చు, అడుగున అది కూర్చుని ఉండవచ్చు. ఇది నాకు తెలుసు. పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను.

సర్వే నియమం తేలికైనదే. తాగే బావి అయితే వెంటనే నీళ్లు తీసి పరీక్షకు పంపాలి. తాగకపోయినా ఇంట్లో ఇంకెందుకైనా వాడితే, ఆ తర్వాతి విడతలో పంపాలి. దేనికీ వాడకపోతే జాబితాలోంచి కొట్టేయాలి.

కార్ఖానా జాగాకూ ఒక చిన్న వాడకూ మధ్యలో రాతి కట్టుబడి బావి ఒకటి ఉంది. వాడలో ఇరవై ఇళ్లు కూడా ఉండవు. కూలి పని చేసుకునేవాళ్లు, ఎకరమో రెండెకరాలో కంది వేసుకునేవాళ్లు, ఆదివారం చర్చికి పోయేవాళ్లు. బావి వైపునుంచి మొదటి ఇల్లు ఒక అవ్వది. కొడుకు ఖేడ్‌కు ఆటో నడుపుతాడు, పగలు ఇంట్లో కనపడడు. కోడలు, ఇద్దరు చిన్న పిల్లలు. నేను వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. పొద్దున నుంచి తొమ్మిది ఇళ్లు తిరిగి ఉన్నాను.

“అవ్వా, ఈ బావి నీళ్లు తాగుతరా?”

“ఎందుకు తాగుతం బిడ్డ? ఇంటి ముంగట నల్లా ఉన్నది గదా. బాయి నీళ్లు తాగే కాలం పోయింది.”

రాశాను.

“ఇంకెన్ని ఉన్నయి నీ సవాళ్లు? నా కోడలు రొట్టెలు చేసింది. సల్లారితే చెప్పుల తోలు లెక్క అయితయి.”

“ఇంక మూడే అవ్వా.”

“సదువుకున్నోనివి, నువ్వే రాసుకో. తిందువు రా.”

నేనే రాసుకున్నాను. ఫారం మడతపడకుండా ఫైలులో పెట్టి, ఫైలు సంచిలో పెట్టి, జిప్పు వేసి, కాళ్లు కడుక్కుని కూర్చున్నాను. జొన్నరొట్టె, కందిపప్పు, పచ్చి ఉల్లిగడ్డ. పప్పు వేలితో తాకితే కరిగిపోతోంది.

“ఎంత మెత్తగున్నది అవ్వా పప్పు!”

“గా బాయి నీళ్ల గుణం బిడ్డ. నల్లా నీళ్లల్ల పొద్దుగూకెదాక ఉడకవెట్టినా పలుకు పోదు. బాయి నీళ్లు పోస్తే రెండు పొంగులకు వెన్నయితది.”

“వండేది నేను, పేరు బాయికి,” అంది కోడలు పొయ్యి దగ్గరినుంచి.

“నీకు పేరిస్తే నెత్తిన కొమ్ములు మొలుస్తయి. బాయికి మొలవయి.”

ముగ్గురం నవ్వాం. నేను రెండోసారి పప్పు వేయించుకున్నాను.

పన్నెండో వరుసకు జవాబు అది. నేను అడగకపోయినా ఆమె చెప్పింది. అప్పటికి నా చేతిలో పెన్ను లేదు, రొట్టె ముక్క ఉంది. కాగితం మీద పడనిది నాకు మాటలాగే వినిపిస్తుంది, సమాచారంలా వినిపించదు. ఇదొక జబ్బు. ఇంకా సిగ్గు కలిగించే సంగతి ఉంది. మా ఇంట్లో పప్పుకు వేరే బిందె ఉండేది. మా బోరు నీళ్లు ఉప్పన. తాగడానికి, స్నానానికి అవే. పప్పుకు మాత్రం మా అమ్మ చేను గట్టు బావి నుంచి తెప్పించేది. ఆ బిందె చాలా ఏళ్లు నేనే మోశాను. ఈ పక్క పల్లెల్లో ‘తాగే నీళ్లు’ వేరు, ‘పప్పు నీళ్లు’ వేరు అని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఫారం తయారుచేసినవాళ్లకు తెలియకపోవచ్చు. అందుకే కదా నన్ను పంపింది.

సాయంత్రం సార్ ఫారాలన్నీ తిరగేసి, “ఒక్క గడి కూడా ఖాళీ లేదు. సర్వే అంటే ఇలా ఉండాలి,” అన్నారు. ఆ బావిని జాబితాలోంచి కొట్టేశాం.

చలి తగ్గాక తవ్వకం మొదలైంది. పై మట్టి తీసేకొద్దీ కింద మట్టి నల్లగా, తడిగా, మెరుస్తూ వచ్చేది. మేం మాస్కులు వేసుకునేవాళ్లం. అయినా మధ్యాహ్నానికి తలలు పట్టేసేవి. ఎండ ముదిరింది, బావిలో నీళ్లు అడుగుకు చేరుతున్నాయి. నేను రోజూ ఆ వాడ మీదుగానే సైటుకు నడిచేవాణ్ణి. ఒకరోజు అవ్వ ఇంటి ముందు నలుగురు ఆడవాళ్లు చేరి ఉన్నారు. నన్ను చూసి అవ్వ పిలిచింది.

“ఓ ఇంజనీర్ సాబ్, జర ఇటు రా. నా కోడలు తెలివి చూడు. పప్పు తీసుకపోయి చీరల సందూకల దాస్తుంది! ఉడికినంక డాంబర్ గోలీల వాసన.”

“నేనెందుకు దాస్త అత్తమ్మ? పప్పేమన్న పట్టుచీరనా?”

“మరి వాసన యాడికెల్లి వస్తుంది? నీ నోట్లకెల్లా?”

“పోనియ్యి వదినా,” అంది పక్కింటామె, “పురుగు వట్టకుంట మంచి ఉపాయమే చేసింది.”

“తిన్నోళ్లకు గూడ పురుగు వట్టది,” అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోలేదు. “అక్కా, మీ పప్పుకు ఇంక చెద గూడ పట్టది,” అన్నాను. దానికి ఇంకా గట్టిగా నవ్వారు. కోడలు నా వైపు ఒక్కసారి చూసి లోపలికి పోయింది.

చెద పట్టదు. ఆ నూనెను కనిపెట్టిందే అందుకు. ఆ మాట నా నోటినుంచే వచ్చింది, అయినా నాకు తట్టలేదు.

మర్నాడు తట్టింది. గుంత అడుగునుంచి తీసిన మట్టి నమూనా డబ్బా మూత ముందురోజు సరిగా బిగియలేదు, మార్చుదామని తెరిచాను. మాస్కు మెడకు వేలాడుతోంది. నేరుగా ముక్కుకు కొట్టింది. మా అమ్మ సందూక తెరిచినట్టే ఉంది. నాఫ్తలీన్. క్రియోసోట్‌లో ఉండేవాటిలో ముఖ్యమైనది అది. డాంబర్ గోలీలు చేసేదీ దానితోనే. రెండూ నాకు తెలిసిన సంగతులే. ఒకటి చదువులో ఉంది, ఒకటి ఇంట్లో ఉంది.

మధ్యాహ్నం అందరూ తినడానికి పోయినప్పుడు, నమూనాలు తీసే పొడుగాటి గొట్టానికి తాడు కట్టి ఆ బావిలో అడుగుదాకా దించాను. పైకి తీసి ఎండలో పట్టుకుని చూశాను. నీళ్లు తేటగానే ఉన్నాయి. గొట్టం చివర, చిటికెన వేలి గోరంత మేర, తేనెలా చిక్కటి నల్ల చుక్కలు కూర్చుని ఉన్నాయి. ఏ రిజిస్టరులోనూ రాయలేదు. గొట్టం కడిగి, దాని చోట దాన్ని పెట్టేశాను.

ఏం చేయాలో నాకు వరుసగా తెలుసు. ముందు వాడలో చెప్పాలి. తర్వాత సార్‌కు చెప్పాలి. తర్వాత ఫారం దిద్దాలి. మొదటిది చేస్తే మూడోది బయటపడుతుంది. మూడోది బయటపడితే నేను అడగకుండా రాశానన్నది బయటపడుతుంది. అందుకని ఆ వరుసలో లేని పని ఒకటి చేశాను. ఖేడ్‌లో బోర్డులు రాసే ఆయన దగ్గరికి పోయాను.

“ఏం రాయాలె సార్? తాగరాదా, వాడరాదా?”

“తాగరాదు.”

“వాడరాదంటే అన్నీ అండ్లనే అయిపోతయి గదా.”

“తాగరాదు అనే రాయి.”

‘వాడరాదు’ అని రాయిస్తే, వాడుతున్నారని నాకు తెలుసని ఒప్పుకున్నట్టవుతుంది. ‘తాగరాదు’ నా ఫారంతో సరిగ్గా కలుస్తుంది. ఎర్ర అక్షరాలతో, తెల్ల రేకు మీద, బావి గట్టున బోర్డు పాతించాను. సార్ చూసి, ముందుజాగ్రత్త మంచిదే అన్నారు.

సాయంత్రం అవ్వ బిందె పట్టుకుని వచ్చింది. బోర్డు ముందు ఆగింది. చదువు రాదు, నన్నే చదవమంది.

“ఈ బావి నీరు తాగరాదు.”

“గిదేంది, మేం తాగుతమా? మాకు చెప్పవడితివి!” అని బొక్కెన వేసి తోడుకుంది. బిందెలో నీళ్లు పోస్తున్న చప్పుడు వింటూ నిలబడ్డాను.

“అవ్వా, జర జాగ్రత్త,” అన్నాను.

“దేనికి?”

“గట్టు రాళ్లు కదులుతున్నయి.”

“నీకన్న ముందుసంది కదులుతున్నయి అవి,” అంటూ పోయింది.

ఆ తర్వాతి రోజుల్లో నేను రెండు సంగతులు చూశాను, రెండూ దారిన పోతూ చూసినవే. అవ్వ కోడలిని పప్పు దగ్గరికి రానీయడం మానేసింది. తానే వండసాగింది. తాను వండినా వాసన పోలేదు. దాంతో కోడలు పప్పు వండే గంజును ఏదో పెట్టి తోముతోందని అనడం మొదలుపెట్టింది. ఇంకో రోజు, కోడలు తన సందూకను వాకిట్లోకి ఈడ్చుకొచ్చి, పదిమంది ముందు మంచం మీద కుమ్మరించింది. పెళ్లినాటి చీరలు, పిల్లల ఊలు టోపీలు, పాత ఫోటో ఒకటి.

“ఏది పప్పు? చూపియ్యుండ్రి,” అంటోంది.

పప్పు గింజ కూడా లేదు. కానీ ఒక చీర మడతలోంచి రెండు డాంబర్ గోలీలు దొర్లి కింద పడ్డాయి. ఏ ఇంటి సందూకలో ఉండవు అవి? “ఇగో!” అంది అవ్వ, రెండిటినీ వేళ్ల మధ్య పట్టుకుని అందరికీ చూపిస్తూ. ఆ అమ్మాయి చీరలు ఒక్కొక్కటే మడతపెట్టుకుంటూ కూర్చుంది. ఒక్క మాట చాలు ఆమెను అక్కడినుంచి లేపడానికి. ఆ మాట నా దగ్గరే ఉంది. నా చేతిలో క్లిప్పుబోర్డు కూడా ఉంది, దాన్ని చూసుకుంటూ నడిచిపోయాను.

రాత్రి అమ్మ ఫోన్ చేసి, ఏం తిన్నావని అడిగేది. హోటల్లో అనేవాణ్ణి. “ఆ హోటల్ పప్పు నీకు పడదు, అండ్ల సోడా ఏస్తరు,” అనేది. నేను మాట మార్చేవాణ్ణి.

ఈస్టర్ ఆదివారం వచ్చింది. ప్రార్థన అయ్యాక చర్చి ముందు షామియానా కింద అందరికీ భోజనం. అవ్వ మూడు రోజుల ముందే నన్ను పిలిచింది. “ఈసారి పప్పు నా చేతిది. కల్హేర్ అంగడికెల్లి కొత్త పప్పు తెప్పిచ్చిన. దాని సందూక గాలి గూడ తగలనియ్య. వచ్చి తిను, చూద్దాం వాసన యాడికెల్లి వస్తదో!” రానంటే ఎందుకంటారని వెళ్లాను. ఇప్పుడు నిజాయితీగా చెప్పుకుంటే, వెళ్లేముందు గదిలో కూర్చుని ఆలోచించుకున్న సంగతి ఒక్కటే: మటన్ వేయించుకుంటాను, అన్నం తింటాను, పప్పు గంజు నా దగ్గరికి రాకముందే లేస్తాను. అక్కడ ఎంతమంది పిల్లలు కూర్చుంటారన్నది ఆ ఆలోచనలో లేదు.

లేవలేకపోయాను. అవ్వ కొడుకు నా పక్కనే కూర్చుని ఇంకొంచెం తినమని ఒకటే బలవంతం. మటన్ రెండుసార్లు పడింది. అంతలో పప్పు వచ్చింది. వండనీయకపోయినా వడ్డించనిచ్చారు కాబోలు, గంటె కోడలి చేతిలోనే ఉంది. ఆవిరితో పాటు వాసన ముందే వచ్చింది. వరుసలో ముందున్నవాళ్లు ముఖాలు చిట్లించి, పండుగనాడు ఏమనకూడదని, ఉల్లిగడ్డ కొరుక్కుని తింటున్నారు. కోడలు నా దగ్గర ఆగింది. పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

“వద్దు అక్కా.”

“ఎందుకు?”

“కడుపు మంచిగ లేదు.”

“కడుపు మంచిగ లేనోడు రెండుపార్లు మటన్ ఏయించుకుంటడా?”

చుట్టూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది. నా పళ్లెం వైపు చూసింది. గంజు వైపు చూసింది. తర్వాత వంగి, పక్కవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా అంది:

“మటన్ నల్లా నీళ్లది. పప్పు బాయిది.”

నేను తలెత్తలేదు.

“తమ్మీ, ఇటు చూడు. నీకెరుకనా?”

నా దగ్గర చాలా వాక్యాలు ఉన్నాయి. పరీక్ష ఇంకా కాలేదు, మోతాదు తెలియదు, వాసన ఉన్నంత మాత్రాన అని మొదలయ్యేవి. తల ఊపాను.

“ఎన్నొద్దుల సంది?”

“పది రోజులు.”

ఆమె అరవలేదు. ఆ పది రోజులూ ఏవో లెక్కపెట్టుకున్నట్టు ఒక్క క్షణం నిలబడింది. నాకు తెలుసు అవేవో. వెనక్కి పోయి గంటె గంజులో పడేసి, మూత పెట్టి, మూత మీద చెయ్యి ఆనించి నిలబడింది.

“ఎవలు పప్పు తినకుండ్రి. పోరగాండ్ల పళ్లేలల్లకెల్లి తీసెయ్యుండ్రి.”

“దీనికి పిచ్చి లేసింది!” అవ్వ వంటచోటు నుంచి వచ్చింది. “పండుగపూట నా పప్పు మీద వడ్డవా? నీ కండ్లు సల్లగుండ, నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?”

“నన్నెందుకు అంటవ్ అత్తమ్మ? ఇంజనీర్ను అడుగు.”

అందరూ నా వైపు తిరిగారు. లేచి నిలబడ్డాను. ఎంగిలి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“తినొద్దు,” అన్నాను. “బాయిల కార్ఖానా నూనె దిగింది.”

తల్లులు పిల్లల పళ్లేలు లాగేసుకున్నారు. ఒక చిన్నపిల్ల పళ్లెం ఇవ్వనని ఏడుపు. ఎవరో అన్నారు, “మరి బోర్డు మీద తాగొద్దనే రాయిస్తివి గదా?”

అవ్వ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“తాగుతరా అని అడిగినవ్. లేదన్న. నేనేమన్న అబద్ధం చెప్పిన్నా బిడ్డ?”

“లేదవ్వా.”

“తినేటప్పుడు చెప్పిన గదా, పప్పు బాయి నీళ్లల్లనే ఉడుకుతదని. ఇన్నవా, ఇనలేవా?”

“ఇన్న.”

“ఇన్నవ్,” అంది అవ్వ. గంజు దగ్గరికి పోయి మూత తీసి, తాను వండిన పప్పు వైపు చాలాసేపు చూసింది.

సోమవారం పొద్దున సార్ వచ్చీరాగానే చెప్పాను. ఆయన ఆ ఫారం తీయించి చూశారు. “ఇక్కడ సంతకం ఎవరిది?” అన్నారు. నాదన్నాను. “దాని కింద నాది కూడా ఉంది,” అన్నారు. తర్వాత ఆ రోజంతా నాతో పని మాటలే మాట్లాడారు.

బావి నీళ్లు పరీక్షకు పోయాయి. వచ్చిన కాగితం మేం ముక్కుతో చదివిందే చెప్పింది. బావికి మూత పడింది, చుట్టూ కంచె పడింది, అడుగునుంచి నూనె తోడటానికి మోటారు వచ్చింది. వాడలో అందరినీ ఖేడ్ దవాఖానకు తీసుకుపోయాం. పిల్లలను చూసిన డాక్టరమ్మ, ఇప్పటికైతే ఏమీ కనపడటం లేదు, మూడు నెలలకు మళ్లీ తీసుకురండి అంది. ఆ ‘ఇప్పటికైతే’ నాతో బస్సెక్కి వచ్చింది, ఇంకా దిగలేదు.

బోర్డు మార్చడానికి పోతే, రాసే ఆయన పాత రేకును అటూ ఇటూ తిప్పి, “నేను ఆనాడే అడిగితిని,” అన్నాడు.

సర్వే మళ్లీ చేయమన్నారు. వేరేవాళ్లను పంపుతారనుకున్నాను. సార్ నన్నే పొమ్మన్నారు, తాను వెంట వస్తానని కూడా అనలేదు. అవ్వ ఇంటికి మధ్యాహ్నం పోయాను. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. కోడలు గడప దగ్గర పిల్ల జుట్టు దువ్వుతోంది. పాత ఫారం చూపించమంది. పదో తరగతి దాకా చదివిందట, ఆ సంగతి కూడా నేను అడగలేదు. వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుకుంటూ వచ్చి, పన్నెండో దాని దగ్గర ఆగింది.

“లేవు అని రాసినవ్. ఏం లెవ్వు? ఇండ్ల మనుషులు లెవ్వా, పొయ్యి లెవ్వా?”

“తప్పు రాసిన అక్కా. అడగకుంట రాసిన.”

“అది నాకు ఆదివారం నాడే తెలిసింది. ఇప్పుడు అత్తమ్మకు చెప్పు.”

“ఆనాడే చెప్పిన గదా అందరి ముంగట.”

“బాయి సంగతి చెప్పినవ్. నా సంగతి చెప్పలే.”

నిజమే. నేను నీళ్ల గురించి చెప్పాను. పేపరు మీద తప్పు దిద్దాలంటే ఎక్కడ దిద్దాలో నాకు వెంటనే తెలుస్తుంది. మనిషి విషయంలో ఆమె చూపిస్తే తప్ప తెలియలేదు. పక్కింటామె గోడ మీదినుంచి చూస్తోంది. ఆమె ముందు కూడా చెప్పాల్సిందేగా అనుకుని గొంతు పెంచాను.

“అవ్వా, పప్పుల వాసన అక్క సందూకది కాదు. ఎన్నడూ కాదు. సందూక వాకిట్ల కుమ్మరిచ్చిననాడు నాకు ఎరుకే ఉండె. చూసుకుంట పోయిన. అంతకుముందు మీతోని కలిసి నవ్విన గూడ. చెద పట్టదని జోక్ చేసిన.”

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. పక్కింటామె గోడ వెనక్కి తగ్గింది. అవ్వ కోడలి వైపు చూడకుండానే, “పో, పొయ్యి మీద పప్పెక్కియ్యి,” అంది.

కోడలు దువ్వెన పిల్ల చేతికిచ్చి లేచింది. నెల తర్వాత ఆమె పప్పు వండటం అదే మొదటిసారని పిల్ల నాతో చెప్పింది.

కొత్త ఫారం నింపుతూ కూర్చున్నాను. పద్నాలుగు వరుసలూ అడిగాను. గిన్నెలు తోమడానికి ఏ నీళ్లు, బర్రెకు ఏ నీళ్లు, చంటిపిల్లకు పోసేది ఏ నీళ్లు. పన్నెండో గడి చాలక వెనకవైపు కూడా రాశాను. ‘కంపెనీ సమకూర్చవలసినవి’ అన్న చోట ‘తాగునీటి ట్యాంకర్’ అని రాయబోయి ఆగాను. నల్లాలో లాగే ట్యాంకర్లో వచ్చేదీ బోరు నీళ్లే, వాటితో పప్పు ఉడకదు.

“అక్కా, ఇక్కడ ఏమని రాయాలె?”

“పప్పు ఉడికే నీళ్లు అని రాయి,” అంది లోపలినుంచి.

అలాగే రాశాను. సార్ ఆ మాటను గీసి ఇంకేదో పెడతారని తెలుసు. పెట్టారు కూడా. నేను మళ్లీ అదే రాసి ఇచ్చాను. రెండోసారి వదిలేశారు. నీళ్లు మాత్రం ఇంకా రాలేదు. ఏటికి అవతలి పక్క బావి ఒకటి చూశాం, దాని పరీక్ష నడుస్తోంది.

ఆ మధ్యాహ్నం పప్పు నల్లా నీళ్లతో ఎక్కించింది. గంట అయింది. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి జరిగింది. నేను పోతానంటే అవ్వ, “కూసో. ఆనాడు మెత్తటిది తిన్నవ్ గదా,” అంది. కోడలు గంటెతో తీసి, ఒక బద్దను వేళ్ల మధ్య నొక్కి చూసి, “ఇంక పలుకే,” అని మళ్లీ మూత పెట్టింది. ఇంకో అరగంట చూసి, ఇక మెత్తబడదని వడ్డించేసింది. నాకు అడగకుండానే వేసింది. చెయ్యి అడ్డం పెట్టలేదు. ప్రతి ముద్దా నమలాల్సి వచ్చింది, పంటి కింద చప్పుడవుతోంది.

“ఎట్లున్నది?” అంది.

“ఉడకలే అక్కా,” అన్నాను.

“ఆఁ,” అంది. “అట్ల చెప్పు.”